డాబా మీది టవర్: ఏది పైన, ఎంత ఎడం?

ప్రశ్న: హామ్ రేడియో కోసం డాబా మీద 9 మీటర్ల టవర్ ఉంది. 20, 15, 10 మీటర్లకు ఒక ట్రైబ్యాండ్ యాగీ (మూడు బ్యాండ్లకూ పనిచేసే, ఒక దిక్కుకు గురిపెట్టే యాంటెన్నా), దాంతోపాటు 2 మీటర్ల బ్యాండ్‌కి రెండు యాగీలు ఒకదాని మీద ఒకటిగా కలిపి స్టాక్ చేయాలనుకుంటున్నాను. ఏది పైన పెట్టాలి? ఎడం ఎంత? కిందికి 25 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ ఉంది.
– ఓ పాఠకుడు, ఉప్పల్

జవాబు: ముందు ఆ కేబుల్ సంగతి చూడండి. 2 మీటర్ల బ్యాండ్‌లో, అంటే 145 మెగాహెర్ట్జ్ దగ్గర, అది దాదాపు 5 డెసిబెల్స్ మింగేస్తుంది. ఆర్‌జీ-213 అయితే రెండుంపావుతో పోతుంది. రెండో యాగీ వల్ల చేతికొచ్చేదీ మహా అయితే రెండున్నరే! ఊళ్లో రిపీటర్‌తో (సిగ్నల్ అందుకుని తిరిగి ప్రసారం చేసే స్టేషన్‌తో) మాట్లాడటానికే అయితే స్టాక్ దండగ. దూరపు ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) మాటల కోసమైతే ఎలిమెంట్లు (యాగీ కడ్డీలు) అడ్డంగా ఉంచి కట్టండి. నిలువుగా ఉంచితే ఇనుప మాస్ట్ (యాంటెన్నాలను మోసే గొట్టం) వాటి పక్కనే నిలబడి పనితీరు చెడగొడుతుంది.

బరువైన ట్రైబ్యాండర్ కిందే ఉండాలి. హైదరాబాద్‌కి భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం లెక్కకు తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. అంటే చదరపు మీటరుకు సుమారు 118 కిలోల తోపుడు. అర చదరపు మీటరు యాంటెన్నా మీద 59 కిలోలు పడుతుంది. టవర్ తలపై మాస్ట్‌ని పట్టి ఉంచే బేరింగ్‌కి 30 సెంటీమీటర్ల ఎత్తులో బిగిస్తే మాస్ట్‌ని వంచే బలం 18 కిలోగ్రామ్-మీటర్లు, 4.5 మీటర్ల ఎత్తులో అయితే 265. ట్రైబ్యాండర్‌కి 1.2 మీటర్ల పైన మొదటి యాగీ పెట్టండి.

రెండోదానికి ఎడం బూమ్ (ఎలిమెంట్లను మోసే కడ్డీ) పొడవును చూసి కాదు, నిలువు బీమ్ కోణాన్ని (సిగ్నల్ పైకీ కిందికీ పరుచుకునే కోణాన్ని) చూసి లెక్కగట్టాలి. కోణం 40 డిగ్రీలైతే, 20 డిగ్రీల సైన్‌ని రెట్టింపు చేసి 2.07 మీటర్ల తరంగదైర్ఘ్యాన్ని దాంతో భాగించండి. 3 మీటర్లొస్తుంది.

రెండు 50 ఓమ్‌ల యాగీలను నేరుగా కలిపితే 25 అవుతుంది. అందుకే ఒక్కోదానికి 75 ఓమ్‌ల కేబుల్, పావు తరంగానికి ఏడు రెట్ల పొడవున, వేసి టీ కనెక్టర్ దగ్గర కలపాలి. గట్టి పాలిథీన్ కేబుల్ అయితే 239 సెంటీమీటర్లు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే డిష్ కేబుల్ లోపల ఫోమ్ ఉంటుంది, లెక్క మారుతుంది. వెలాసిటీ ఫ్యాక్టర్ (కేబుల్‌లో తరంగ వేగం శూన్యంలోని వేగంలో ఎన్నో వంతు) 0.82 అయితే ఐదు రెట్లకు 212 చాలు.

అందరూ బోల్తాపడేది ఇక్కడ: పై యాగీలో కేబుల్ మధ్య తీగ ఎడమ అర ఎలిమెంట్‌కి పోతే, కిందిదానిలోనూ ఎడమకే పోవాలి. ఒకటి తిరగబడితే గురిపెట్టిన దిక్కున రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ (యాంటెన్నా నుంచి శక్తి ఎంత తిరిగొస్తోందో చెప్పేది) మాత్రం 1.1 చూపిస్తూ నిక్షేపంగా ఉంటుంది. ఒక్క యాగీతో విన్న సిగ్నల్, రెండూ కలిపాక తగ్గితే అదే తప్పు.

ప్రశ్న: వాన పడితే ఎస్‌డబ్ల్యూఆర్ పెరుగుతోంది, ఎండితే తగ్గుతోంది.
– మరో పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: పీఎల్-259 కనెక్టర్‌లోకి నీళ్లు వెళ్తున్నాయి. బయటి అల్లిక జాలీ రాగి మెరుస్తూ కనిపించేదాకా కేబుల్ కోసేయండి. కొత్త కనెక్టర్ మీద సాగే రబ్బరు టేపు కిందినుంచి పైకి, పెంకులు కప్పినట్టు చుట్టండి. దానిపై ఎండకు పీవీసీ టేపు. పుల్లటి వాసనొచ్చే బాత్‌రూమ్ సిలికాన్ మాత్రం వద్దు, ఆ ఆమ్లం రాగిని తినేస్తుంది.