ఫైబ్రాయిడ్ మందు వాడాక గర్భాశయపు లోపలి పొర మందం కావడం గురించి

కూకట్‌పల్లి నుంచి రాసిన సోదరికి: ఫైబ్రాయిడ్లకు (గర్భాశయంలో పెరిగే, క్యాన్సర్ కాని గడ్డలకు) ఇచ్చే యులిప్రిస్టల్ 5 మి.గ్రా. మాత్ర మూడు నెలలు వాడిన తర్వాత స్కానింగ్‌లో గర్భాశయపు లోపలి పొర 17 మి.మీ. ఉన్నట్లు తేలిందని, అది క్యాన్సరేమోనని భయంగా ఉందని రాశారు. ఈ మందు ప్రొజెస్టరాన్ అనే హార్మోను గ్రాహకాల (కణాల్లో ఆ హార్మోను అతుక్కునే చోట్ల) మీద పనిచేయడం వల్ల కొందరిలో ఆ పొరలోని గ్రంథులు ఉబ్బి, పొర మందంగా కనిపిస్తుంది. మందు ఆపి నెలసరి తిరిగి మొదలయ్యాక సాధారణంగా అది తనంతట తానే తగ్గిపోతుంది. కనుక ఈ ఒక్క కొలతను చూసి గర్భసంచి తీయించుకునే నిర్ణయానికి రావద్దు (మన హైదరాబాదులో ఆ సలహా కాస్త తొందరగానే వస్తుంది).

నెలసరి తిరిగి వచ్చాక మళ్లీ స్కానింగ్ చేయించండి. మందు ఆపిన మూడు నెలలకు కూడా మందం తగ్గకపోయినా, మధ్యలో అసాధారణ రక్తస్రావం కనిపించినా బయాప్సీ (ఆ పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) అవసరం కావచ్చు. ఆ నమూనాను ల్యాబ్‌కు పంపేటప్పుడు ఏ మందు ఎన్నాళ్లు వాడారో తప్పక రాయించండి, ఎందుకంటే ఆ సంగతి తెలియని పెథాలజిస్టు ఈ మార్పును హైపర్‌ప్లేసియాగా (పొరలోని కణాలు మితిమీరి పెరగడంగా) పొరబడే అవకాశం ఉంది.

నా దృష్టిలో మీరు ముందుగా చూసుకోవలసినది కాలేయం. అది తీవ్రంగా దెబ్బతిన్న కేసులు బయటపడడంతో యూరప్‌లో 2020లో ఈ మందు వాడకాన్ని బాగా పరిమితం చేశారు. మీరు ఎల్‌ఎఫ్‌టీ (కాలేయం పనితీరు తెలిపే రక్తపరీక్ష) ప్రస్తావన తేలేదు. మందు ఆపిన రెండు నుంచి నాలుగు వారాలలో ఆ పరీక్ష చేయించాలి. ఈలోగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆలస్యం చేయకుండా మీ డాక్టరును కలవండి.