తోట నుంచి వారం వారం వచ్చే కూరగాయల బుట్టలో చేరవచ్చా? విజయనగరంలో మా అనుభవం

శ్రీకాకుళం పట్టణానికి దగ్గరలోని ఒక తోటవారు ఆరు నెలల సొమ్ము ముందుగా తీసుకుని ప్రతి వారం ఒక బుట్ట కూరగాయలు ఇస్తామంటున్నారని, అందులో ఏమేమి ఉంటాయో మాత్రం ముందుగా చెప్పలేమంటున్నారని మీరు రాశారు. నలుగురున్న ఇంటికి అది సరిపోతుందా, మందులు కొట్టలేదన్న మాటను నమ్మవచ్చా, సొమ్ము ముందే కట్టడం క్షేమమేనా అని అడిగారు. మేము విజయనగరంలో ఇటువంటి ఏర్పాటులోనే 2021 జూన్ నుంచి కొనసాగుతున్నాము, అంతకు ముందు మరొక చోట చేరి మానుకున్నాము కూడా, కాబట్టి ఈ రెండు అనుభవాలనూ కలిపి చెబుతాను. నా అభిప్రాయాన్ని ముందే చెప్పాలంటే, మీ ఇంట్లో వంట "ఈ రోజు ఏం తినాలని ఉంది?" అన్న ప్రశ్నతో మొదలవుతుందా, "ఇంట్లో ఏమున్నాయి?" అన్న ప్రశ్నతో మొదలవుతుందా అని చూసుకోండి. రెండవదైతే నిస్సంకోచంగా చేరండి.

ఇది కూరగాయలు కొనుక్కోవడం వంటిది కాదని మొదట మనసుకు పట్టించుకోవాలి. మన రాష్ట్రంలో 1999లో రైతుబజార్లు వచ్చినప్పుడు దళారి చేయి పడకుండా రైతు నేరుగా మనకు అమ్ముకునే వీలు కలిగింది, కానీ అక్కడ కూడా పంట చేతికి వచ్చి అమ్ముడయ్యే వరకు రైతు సొమ్ము చూడడు, ఆ రోజు సరుకు ఎక్కువగా వస్తే ధర దిగిపోతుంది. మీ తోటవారు చెబుతున్నటువంటి ఈ వాటా పద్ధతిలో నారు పోయక ముందే విత్తనానికీ కూలికీ మన సొమ్ము చేరుతుంది, అందుకు బదులుగా పండినదానిలో మనకు వాటా ఉంటుంది, పండనప్పుడు ఆ నష్టంలోనూ వాటా ఉంటుంది. జపాన్‌లో 1970ల నాటికే పట్టణాల గృహిణులు రైతులతో ఇటువంటి ఒప్పందాలు చేసుకున్నారు, అమెరికాలో 1986లో మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్ రాష్ట్రాలలోని రెండు తోటలతో ఇది మొదలైంది. ఏ దేశంలో చూసినా మూలసూత్రం ఒకటే కాబట్టి, మీ తోటవారు "ఏమేమి వస్తాయో చెప్పలేము" అనడాన్ని లోపంగా చూడకండి. ఏడాది పొడవునా ఒకే రకం జాబితా ఇస్తామని చెప్పి ఉంటేనే నేను అనుమానించేదాన్ని.

మా తోట గంట్యాడ వైపు ఉంది. సుమారు రెండు ఎకరాలలో భార్యాభర్తలిద్దరూ సాగు చేస్తారు, 40 ఇళ్ళకు బుట్టలు ఇస్తారు. శనివారం సాయంత్రం దాసన్నపేటలో ఒక సభ్యురాలి ఇంటి వరండాలో బుట్టలు దింపుతారు, మనం సంచులు తీసుకువెళ్ళి సర్దుకుని రావాలి. వారానికి ఐదు కిలోల కాయలు, మూడు నాలుగు కట్టల ఆకుకూరలు వస్తాయి. అత్తగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు ఉన్న మా ఇంటికి ఇది ఐదు రోజులకు సరిపోతుంది. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, అల్లం ఎలాగూ బయటే కొనుక్కోవాలి.

ఏ కాలంలో ఏమి వస్తుందన్నది కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే చేరినవారు మానుకోవడానికి అసలు కారణం ఇక్కడే ఉంటుంది. జూన్, జూలై నెలలలో బుట్ట పలచగా ఉంటుంది, తోటకూర, గోంగూర, బెండకాయలు, ఎక్కడో మిగిలిన దోసకాయలు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి పందిరి కాయల కాలం మొదలవుతుంది. బీర, పొట్ల, కాకర, ఆనప, దొండ, వాటితో పాటు బరబాటీలు వరుసగా ఐదారు వారాలు వస్తూనే ఉంటాయి, నడుమ ఒకటి రెండు సార్లు ఆగాకరకాయలు కనిపిస్తే ఇంట్లో పండుగే. కార్తీకం నుంచి మాఘం వరకు మాత్రం బుట్ట కళకళలాడుతుంది. లేత వంకాయలు, టమాటాలు, చిక్కుడు, ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్, పాలకూర, కొత్తిమీర వస్తాయి, సంక్రాంతికి గుమ్మడికాయ ముక్క, చిలగడదుంపలు, కంద, పెండలం చేరుతాయి. వేసవిలో మునగకాడలు, గోరుచిక్కుడు, దోసకాయలు, పచ్చి మామిడికాయలు వస్తాయి.

మొదటి ఏడాది ఆగస్టులో నేను చాలా పారవేశాను. పొట్లకాయ మా పిల్లలు ముట్టరు, ఆనపకాయ వారంలో రెండు సార్లు వండితే మొహాలు ముడుచుకునేవారు, మెత్తబడిన బీరకాయలను చూసి ఎవరి కష్టమో మట్టిపాలు చేస్తున్నానన్న బాధ కలిగేది. ఆ పరిస్థితిని మార్చినది మా అత్తగారు. ఆనపకాయను ఒకసారి నువ్వుల పొడి వేసి, ఒకసారి పాలు పోసి, ఒకసారి పులుసులో వేసి చేసేవారు. బీరకాయ చెక్కును కూడా వదలకుండా పచ్చడి చేసేవారు. కందను బచ్చలితో కలిపి ఆవ పెట్టేవారు. గోంగూర మిగిలితే నిల్వ పచ్చడి, బూడిద గుమ్మడికాయ వస్తే వడియాలు, దోసకాయలు ఎక్కువైతే దోసావకాయ పెట్టేవారు. ఆ చేతులు మా ఇంట్లో లేకపోయి ఉంటే మేము ఆరు నెలలలోనే మానుకునేవాళ్ళమని ఇప్పటికీ అనుకుంటాను. మీ ఇంట్లో వంట చేసేవారు ఎవరో, ఒకే కూరగాయను నాలుగు విధాలుగా వండే ఓపిక వారికి ఉందో లేదో ముందు వారినే అడగండి.

నిల్వ విషయంలో మేము పాటించే పద్ధతి చిన్నదే. శనివారం రాత్రే బుట్ట విప్పి ఆకుకూరలు వేరు చేసి, వేర్లు కోసి, తడిపి పిండిన నూలు గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడతాము, ఆది, సోమ, మంగళవారాలు ఆకుకూరలకే కేటాయిస్తాము. ముల్లంగికి ఆకులు ఉంచితే దుంప వడలిపోతుంది కాబట్టి అవి వెంటనే కోసి, లేతవైతే పప్పులో వేస్తాము. కంద, పెండలం, గుమ్మడికాయ వారం చివరికి ఉంచుకున్నా చెడవు.

ఇక నష్టంలో వాటా అంటే ఏమిటో మాకు మూడు నెలలకే తెలిసింది. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటినప్పుడు మన రెండు జిల్లాలలోనూ కుండపోత కురిసింది. మా తోటలో పందిళ్ళు పడిపోయాయి, వంగ నారు మడులలో నీళ్ళు నిలిచి కుళ్ళిపోయింది. మూడు వారాలు బుట్ట రాలేదు, నాలుగవ వారం తోటకూర, మెంతికూర మాత్రమే వచ్చాయి, ఎందుకంటే మూడు నాలుగు వారాలలో కోతకు వచ్చేవి అవే. కొందరు సభ్యులు డబ్బు వెనక్కు అడిగితే ఆ దంపతులు మారు మాట లేకుండా ఇచ్చారు. మిగిలినవారితో కూర్చుని, రెండు వారాలు చివర కలుపుతామని, ఒక వారం నష్టం సభ్యులు భరించాలని తేల్చుకున్నారు. అది న్యాయమైన పంపకమని నాకు తోచింది. మీ జిల్లా 2018 అక్టోబరులో తిత్లీ తుపానును కూడా చూసింది కాబట్టి, బుట్ట రాని వారాల లెక్క ఏమిటని సొమ్ము కట్టక ముందే అడిగి, జవాబును కాగితం మీద రాయించుకోండి. అక్టోబరు, నవంబరు నెలలు మన తీరంలో తుపాన్ల కాలమని తెలిసి కూడా ఈ సంగతి మాట్లాడుకోకపోవడం ఇరువైపులా తప్పే.

మందుల విషయానికి వస్తే, మేము మొదట చేరిన తోట సంగతి చెప్పాలి. ఆ తోటవారి మాటలు చాలా బాగుండేవి. మే నెలలో ఒక శనివారం బుట్టలో నున్నగా, ఒకే పొడవున ఉన్న క్యారెట్లు వచ్చాయి. క్యారెట్ చలి కోరే పంట, వేసవిలో మన మైదానపు నేలలో అలా పండదు. అడిగితే "ఈ వారం పక్క రైతు దగ్గర తీసుకున్నాము" అన్నారు, పక్క రైతు మాత్రం ఎక్కడ పండించగలడు? బయట కొన్న సరుకును మాకు చెప్పకుండా కలిపారన్న బాధతోనే మానుకున్నాము. కాబట్టి కాలానికి తగని కాయ వస్తే తప్పక అడగండి. ఆకులకు చిల్లులు ఉంటే మందు కొట్టనట్టే అని కొందరు నమ్ముతారు, అది సరికాదు, ఆలస్యంగా మందు కొట్టిన ఆకుకు కూడా చిల్లులు ఉంటాయి.

చేరేముందు ఒకసారి ముందుగా చెప్పి, మరొకసారి చెప్పకుండా తోటకు వెళ్ళండి. రసాయన ఎరువులకు బదులుగా జీవామృతమనే పేడ ద్రావణం వాడతామని అంటే ఆ డ్రమ్ము ఎక్కడుందో చూపించమనండి. ఎకరానికి 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవు పేడ, ఆవు మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి, నీడలో రెండు రోజులు పులియబెట్టాలి కాబట్టి నిజంగా వాడేవారి దగ్గర డ్రమ్ము, కలిపే కర్ర, ఆ వాసన ఉంటాయి, ఆవు ఎవరిదో కూడా చెప్పగలుగుతారు. గట్ల వెంట పురుగులను పంట మీదకు రాకుండా మళ్ళించే బంతి, ఆముదం, జొన్న వంటివి ఉన్నాయా, బోరు దగ్గర ఖాళీ పురుగుమందు సీసాలు పడి ఉన్నాయా అని చూడండి. రాష్ట్రంలో 2016 నుంచి ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయాన్ని గ్రామాలలో నేర్పిస్తోంది, మీ తోటవారు అందులో ఉన్నారా అని అడగండి. రైతులే బృందంగా ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ ధ్రువపత్రం ఉంటే ఇంకా మంచిది. మరొక సంగతి, పేడ ద్రావణాలతో పెంచిన ఆకుకూరలను రెండు మూడు నీళ్ళలో బాగా కడిగి తీరాలి. మందులు లేవు కదా అని కడగకుండా పచ్చిగా తినకూడదు.

సొమ్ము విషయం క్లుప్తంగా చెబుతాను. మేము నెలకు 1,500 రూపాయలు కడుతున్నాము. చలికాలంలో రైతుబజారులో ఇంతకంటే చవకగా దొరుకుతాయి, అందులో సందేహం లేదు. 2023 జూలైలో టమాటా ధర మండిపోయినప్పుడు మా బుట్ట ధర పెరగలేదు, కానీ బుట్టలో టమాటాలు కూడా లేవు, చింతపండుతోనే ఆ నెల గడిపాము. ఆదా అవుతుందన్న ఆశతో చేరవద్దు. వారంలో సగం రోజులు బయట తినేవారు, తరచూ ఊళ్ళకు వెళ్ళేవారు కూడా ఇప్పట్లో చేరకపోవడమే మేలు.

మీరు ఆరు నెలల సొమ్ము ఒకేసారి కట్టకుండా మొదట ఒక నెల చేరతామని అడగండి. ఆ నెల జనవరి కాకుండా ఆగస్టు అయ్యేలా చూసుకోండి, జనవరి బుట్ట ఎవరికైనా నచ్చుతుంది. వరుసగా నాలుగు వారాలు బీర, ఆనప, పొట్ల వచ్చినా మీ ఇంట్లో పారవేయకుండా వండుకోగలిగితే మిగిలిన సొమ్ము కట్టేయండి. ఒక నెలకు తోటవారు ఒప్పుకోకపోతే, ఇప్పటికే చేరిన రెండు మూడు ఇళ్ళ చిరునామాలు అడిగి తీసుకుని, కిందటి ఆగస్టులో ఏమి వచ్చింది, బుట్ట రాని వారాలు ఎన్ని, వాటి లెక్క ఎలా తేల్చారు అన్న మూడు ప్రశ్నలు వారిని అడగండి.