చుక్కలు లేని చిలుక

ప్రశ్న: స్కాట్లాండ్‌లో చదువుతున్న మా అబ్బాయి, అక్కడి ఊబినేలలో తీసిన సీతాకోకచిలుక ఫొటో పంపించాడు. పేరు లార్జ్ హీత్ అట. మా వరిచేల గట్ల మీద సందెవేళ ఎగిరే గోధుమరంగు దానిలాగే ఉంది గాని, రెక్కల మీద కళ్లలాంటి చుక్కలు దాదాపు లేవు. ఎందుకని? ఆ నీటిలో, ఆ చలిలో దాని పురుగు ఎలా బతుకుతుంది?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: మీ పోలిక సరైనదే. వరి ఆకు తిని పెరిగే మీ చేలోని కామన్ ఈవెనింగ్ బ్రౌన్, ఈ లార్జ్ హీత్ ఒకే ఉపకుటుంబానికి చెందినవి.

అక్కడి ఊబి మన చెరువు బురద వంటిది కాదు. స్ఫాగ్నమ్ అనే నాచు చచ్చి, నీటిలో గాలి సోకక పూర్తిగా కుళ్లకుండా, ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకొన్నదే పీట్ నేల. (మన నర్సరీలలో అమ్మే కోకోపీట్ వేరు, అది కొబ్బరిపీచు పొడి.) ఆ నేలలో, తలపై దూదిపింజ వంటి తెల్లని కుచ్చుతో కాటన్‌గ్రాస్ అనే తుంగజాతి మొక్క దుబ్బులుగా పెరుగుతుంది. ఆడ చిలుక ఆ దుబ్బు మొదట్లోని ఎండుటాకులపై గుడ్లు పెడుతుంది. తెల్లచారల పచ్చపురుగు కొంత మేసి, ఇంకా చిన్నగా ఉండగానే దుబ్బు అడుగుకు దిగి శీతాకాలమంతా నిద్రపోయి, మార్చిలో మళ్లీ మేతకు లేస్తుంది. కొన్నాళ్లు నీట మునిగినా తట్టుకుంటుంది గాని, వారాల తరబడి మునిగితే చస్తుంది. అలాగని నేల ఎండినా బతకదు. ఊబులను ఎండగట్టి పీట్ తవ్వుకోవడం వల్లనే, ఒకప్పుడు 'మాంచెస్టర్ ఆర్గస్' అని పిలిపించుకున్న ఈ చిలుక ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ ప్రాంతంలో అంతరించింది; 2020లో ఆస్ట్లీ మాస్ అనే ఊబిలో మళ్లీ తెచ్చి వదిలారు.

ఇక చుక్కల సంగతి. లార్జ్ హీత్‌లలో బ్రిటన్ దక్షిణ భాగంలోవాటికి అవి పెద్దవి, ఉత్తర స్కాట్లాండ్‌వాటికి దాదాపు ఉండవు. వెచ్చని చోట చురుకుగా ఎగిరే చిలుకను పక్షి పొడవబోతే, చుక్క దాని చూపును రెక్క అంచుకు మళ్లించి ఒంటిని కాపాడుతుందని, చలిచోట గడ్డిలో ఎక్కువసేపు రెక్కలు ముడుచుకొని కూర్చునే దానికి కనబడకపోవడమే మేలని శాస్త్రజ్ఞుల ఊహ. మీ చేలోదీ ఇదే ఎత్తు వేస్తుంది: వానాకాలంలో చుక్కలు స్పష్టంగా ఉంటాయి, వానలు లేని కాలపు తరానికి అవి మాసిపోయి, రెక్క ఎండుటాకులా మారుతుంది. దీనికి కాలంతో మారేది, దానికి ప్రాంతంతో మారుతోంది. శ్రావణంలో ఒకటి, మాఘంలో ఒకటి ఫొటో తీసి మీ అబ్బాయికి పంపించండి.