పేస్లిప్పులు ఉండగానే లోన్ తీసుకుని ఉద్యోగం మానేస్తారా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం. చేతికొచ్చేది 52 వేలు, ఇంటి ఖర్చు 28 వేలు, సేవింగ్స్ 90 వేలు. రిజైన్ చేసి ఏడాదిపాటు లాసెట్‌కి (లా కాలేజీల ప్రవేశ పరీక్ష) ప్రిపేరై, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసి వెంటనే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలనుంది. జీతం ఉండగానే 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకుంటే ఏడాది గడుస్తుంది కదా? నాన్నకు 58, షుగర్ ఉంది, కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఉన్నారు. తమ్ముడు బీటెక్ ఫైనలియర్.

జవాబు: గడవదండీ. ఇది మీ ఒక్కరి ఐడియా కాదు, "పేస్లిప్పులు ఉండగానే లోన్ లాగేద్దాం" అనేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు, అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను. 14 శాతం వడ్డీ, మూడేళ్లు అనుకుంటే కిస్తీ 10,250 దాకా వస్తుంది. జీతం లేదు కాబట్టి అదీ ఆ లోన్ డబ్బులోంచే కట్టాలి, అంటే ఏడాదిలో లక్షా 23 వేలు బ్యాంకువి బ్యాంకుకే పోతాయి. ఇంటి ఖర్చు కలిపితే మీ 90 వేలతో సహా పది నెలలకే అంతా ఖాళీ. అప్పటికి కిస్తీలు ఇంకా 26 ఉంటాయి. తర్వాత అమ్మ బంగారం తాకట్టుకి వెళ్తుంది, ఆ తర్వాత లోన్ యాప్‌లు. దీన్ని ప్లాన్ అనకండి.

పైగా లాసెట్‌కి ఏడాది సెలవెందుకు? 90 నిమిషాలు, 120 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు కూడా లేవు. శని, ఆదివారాలు కూర్చుంటే సరిపోతుంది. ఇంకో మాట, జడ్జి పోస్టుకి కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మేలో తీర్పిచ్చింది. కాబట్టి చదువు మూడేళ్లు, కోర్టులో జూనియర్‌గా ఇంకో మూడేళ్లు. జూనియర్లకు సిటీలో నెలకు 20 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ 2024లో చెప్పింది, కానీ అది సూచనే.

నన్ను ఎక్కువ భయపెట్టింది మీరు చివర్లో అలా రాసేసిన నాన్నగారి సంగతి. మీ లాస్ట్ వర్కింగ్ డేతో ఆ కవర్ పోతుంది. ఈ నెలలోనే ఆయనకు విడిగా హెల్త్ పాలసీ తీసుకోండి. షుగర్‌కి మూడేళ్ల వరకు వెయిటింగ్ పీరియడ్ ఉండొచ్చు, అంటే అప్పటిదాకా ఆ జబ్బుకి క్లెయిమ్ రాదు, అదేదో కంపెనీ కవర్ ఉన్నప్పుడే మొదలైతే అంత మేలు. ప్రపోజల్ ఫారంలో షుగర్ ఉందని రాయండి, ఏజెంటు "అవన్నీ ఎందుకు మేడమ్" అన్నా సరే, మాత్రల పేర్లతో సహా రాయండి. దాచిన షుగర్ క్లెయిమ్ రోజున బయటపడుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు.

ప్రీమియం పోగా నెలకు 20 వేలు పక్కన పెట్టండి. (52 వేల జీతానికి ఇన్నాళ్లలో 90 వేలే మిగిలాయా అన్నది ఇంకోసారి అడుగుతాను.) ఏడాదికి 2 లక్షల 40 వేలు, ఉన్నదాంతో కలిపి 3 లక్షల 30 వేలు, అంటే దాదాపు 12 నెలల ఇంటి ఖర్చు. ఇది ఎఫ్‌డీలోనే ఉండాలి, షేర్లలో కాదు. ఫీజు దీన్నుంచి కట్టొద్దు, దానికి ఎడ్యుకేషన్ లోన్ ఉంది. పీఎఫ్ జోలికి వెళ్లకండి.

రిజైన్ లెటర్ మాత్రం తమ్ముడి జీతం వరుసగా మూడు నెలలు అకౌంట్లో పడ్డాకే. ఆఫర్ లెటర్ చూసి కాదు, జాయినింగ్ డేట్లు ఎన్నిసార్లు వెనక్కి జరుగుతున్నాయో మీకే తెలుసు. అప్పటిదాకా ఫోన్‌కి వచ్చే ఆ "ప్రీ అప్రూవ్డ్ 3 లక్షలు" లోన్ నోటిఫికేషన్ ఆఫ్ చేసేయండి.