సోలిగల ఊరికి వెళ్తున్నారా? డాన్స్ మాత్రం వద్దని చెప్పండి

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉండే తెలుగువాళ్లం. మా అపార్ట్‌మెంట్‌లో నాలుగైదు కుటుంబాలు కలిసి పిల్లలతో అడవిలో క్యాంపింగ్‌కి వెళ్దామనుకుంటున్నాం. బీఆర్ హిల్స్ (బిలిగిరి రంగన కొండలు) రెయిన్‌ఫారెస్ట్‌లో టెంట్లు, చలిమంట, రాత్రి ‘సోలిగ ఆదివాసీల డాన్స్’ అని ఒక ట్రావెల్ అతను ప్యాకేజీ చెబుతున్నాడు. వాళ్ల సంప్రదాయాలు పిల్లలకు తెలియాలని మా కోరిక. వెళ్లొచ్చా?

జవాబు: తప్పకుండా వెళ్లండి, కానీ ఈ ప్యాకేజీలో వద్దు. బీఆర్ హిల్స్ చామరాజనగర్ జిల్లాలోని పులుల అభయారణ్యం. అక్కడ చాలావరకు ఆకురాల్చే అడవే, పచ్చదనం తగ్గని షోలా అడవులు పై కొండల్లోనే కనిపిస్తాయి. అసలు సిసలు వర్షారణ్యమే చూడాలంటే శివమొగ్గ జిల్లా ఆగుంబె వైపు వెళ్లాలి. ఇక పులుల అడవిలో మనకు నచ్చిన చోట టెంటు వేసి మంట పెట్టడం కుదరదు కాబట్టి, బస ఎక్కడో, అటవీ శాఖ అనుమతి ఉందో లేదో అతన్ని కాగితం చూపించి చెప్పమనండి. ఆ కొండల్లోనే కె.గుడి అనే చోట కర్ణాటక ప్రభుత్వ జంగిల్ లాడ్జెస్ వాళ్ల టెంట్ల బస ఉంది, పిల్లలతో వెళ్లేవాళ్లకు అలాంటిదే మేలు.

డాన్స్ సంగతి గట్టిగానే చెబుతాను. పండగకు తమ దేవుళ్ల ముందు ఆడుకునే ఆటను, భోజనాలయ్యాక మనం సెల్‌ఫోన్లు పట్టుకుని కూర్చుంటే ఆడమనడం నాకు బాధగా ఉంటుంది. దాంతో పిల్లలకు తెలిసేదీ ఏమీ ఉండదు. దాని బదులు ఊళ్లో ఒక పెద్దాయననో పెద్దావిడనో ముందుగానే అడిగి, వాళ్ల సమయానికి తగిన డబ్బిచ్చి, అనుమతి ఉన్న దారిలో ఒక పూట వెంట నడవండి. మన నల్లమల చెంచుల్లాగే సోలిగలకూ తేనె తీయడం తరతరాల విద్య. పొగ ఎలా పెడతారో, పట్టులో ఎంత వదిలేస్తారో, ఉసిరికాయలు కోసేటప్పుడు చెట్టుకు కొన్ని ఎందుకు ఉంచుతారో అడగండి. సోలిగల్లో ఒక్కో వంశానికీ (వాళ్లు ‘కుల’ అంటారు) అడవిలో తమదైన ఎల్లె, అంటే సరిహద్దున్న నేల ఉంటుంది, అందులో వాళ్ల దేవతల చోట్లుంటాయి. వాళ్లు కొలిచే దొడ్డ సంపిగె వందల ఏళ్ల నాటి మహావృక్షం, అక్కడికి తీసుకెళ్తే చెప్పులు విప్పి నిలబడండి.

లాంటానా అనే కలుపు పొదల గురించి మాత్రం మర్చిపోకుండా అడగండి. పూర్వం వీళ్లు ఎండాకాలం మొదట్లోనే నేలమీది ఆకులకు చిన్న మంటలు పెట్టేవాళ్లు. 1974లో ఈ అడవి అభయారణ్యమయ్యాక అవి ఆగిపోయాయి, అందుకే లాంటానా అడవంతా అల్లుకుందని పెద్దలు చెబుతారు. ఆ పొదల మధ్యే నిలబడి ఈ మాట వింటే పిల్లలకు ఏ క్లాసులోనూ దొరకని పాఠం అవుతుంది. అభయారణ్యం పేరుతో చాలామందిని అడవి లోపలి నుంచి రోడ్ల పక్కకు తరలించారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద 2011లో సోలిగలకు సామూహిక హక్కులు దక్కాయి, దేశంలో ఒక పులుల అభయారణ్యంలో అలా దక్కడం అదే మొదటిసారి. అంటే మీరు వెళ్లేది హక్కుదారుల నేలకు, అతిథులుగా. ఫోటో తీసే ముందు అడగాలని పిల్లలకు బస్సులోనే చెప్పండి.

ప్రశ్న: చాక్లెట్లు, పాత బట్టలు పట్టుకెళ్లి పంచుదామని మావాళ్లు అంటున్నారు. మంచిదేనా?

జవాబు: వద్దండి. వాళ్ల దగ్గర తేనె కొనండి, బేరం ఆడకండి.

ప్రశ్న: ఆగుంబెకే వెళ్తే జలగలు, జ్వరాలు అని మా అత్తగారికి ఒకటే టెన్షన్. నిజంగా భయమా?

జవాబు: వానల్లో జలగలు పడతాయి, పొడవాటి సాక్సులు వేసుకుంటే చాలు, ప్రాణభయం లేదు. జాగ్రత్త పడాల్సింది మంగన జ్వరం, అంటే కోతుల జ్వరం గురించి. 1957లో ఆ శివమొగ్గ జిల్లాలోనే క్యాసనూరు అడవిలో మొదట బయటపడింది, పిడుదు పురుగుల వల్ల వస్తుంది, సాధారణంగా నవంబరు నుంచి మే దాకా కనిపిస్తుంది. ఆ నెలల్లో వెళ్తే నిండా బట్టలు వేసుకోండి, ఎండుటాకుల మీద కూర్చోకండి, చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరకు పోకుండా అటవీ సిబ్బందికి చెప్పండి. తిరిగొచ్చాక జ్వరం వస్తే ఆ అడవికి వెళ్లామన్న మాట డాక్టరుకు ముందే చెప్పాలి.