లె ఆవ్ర్ నగరాన్ని అంతా కాంక్రీటుతోనే ఎందుకు కట్టారు?
ఫ్రాన్స్‌లోని ఈ రేవు పట్టణం నడిబొడ్డు 1944 సెప్టెంబరులో బ్రిటిష్ బాంబు దాడులతో నేలమట్టమైంది. వేలమందికి నిలువ నీడ లేదు. ఇళ్లు త్వరగా లేవాలి. పునర్నిర్మాణ బాధ్యత తీసుకున్న ఆర్కిటెక్ట్ ఆగస్ట్ పెరే అన్నిటికీ ఒకే కొలత పెట్టారు: 6.24 మీటర్లు. స్తంభాల మధ్య దూరం అదే, వీధుల అమరికకూ అదే ఆధారం. దాంతో చాలా భాగాలను ముందే అచ్చుపోసి తెచ్చి బిగించగలిగారు.

బూడిదరంగు ఊరని చాలామంది తీసిపారేస్తారు. అది అన్యాయం. పెరే కాంక్రీటును సున్నంతో, రంగుతో కప్పలేదు. పైపొర చెక్కించి లోపలి రాళ్ల రంగులు బయటికి తెచ్చారు. 107 మీటర్ల సెయింట్ జోసెఫ్ చర్చి గోపురం లోపల రంగుటద్దాల వెలుగు ఆ వట్టి కాంక్రీటు మీదే పడుతుంది. 1954లో కన్నుమూసిన పెరే ఆ చర్చి పూర్తికావడం చూడలేదు.