ఒకసారి దెబ్బతిన్నాక అలాంటిదే మళ్లీ ఎదురైతే మనసు ముందే ‘వద్దు’ అంటుంది. అది అనుభవం నేర్పిన తెలివా, వట్టి భయమా?

ఏదన్నది ఆ క్షణంలో లోపలినుంచి తెలియదు, ఎందుకంటే రెండూ ఒకేలా అనిపిస్తాయి. బయట లెక్క వేసి చూసుకుంటేనే తేలుతుంది. ఆ లెక్క ఎలా వేయాలో చెప్పేముందు, అనుభవం ఎంత లోతుకు దిగుతుందో కొంచెం చూడాలి.

మసక వెలుతురులో తాడును చూసి పామనుకోవాలంటే పామంటే ఏమిటో ముందే తెలిసి ఉండాలి. ఇలా ఒకదాన్ని మరొకటిగా పొరబడటాన్ని వేదాంతంలో ‘అధ్యాస’ అంటారు. శంకరాచార్యులు దానికి చెప్పిన నిర్వచనంలోనే ‘పూర్వదృష్ట’ అనే మాట ఉంది, అంటే మునుపు చూసినది. దీన్ని ప్రయోగాల్లో కొలిచారు కూడా. 1949లో బ్రూనర్, పోస్ట్‌మన్ అనే మనస్తత్వవేత్తలు పేకముక్కలను క్షణకాలం చూపించి గుర్తుపట్టమన్నారు. మామూలు ముక్కలకు సగటున 28 మిల్లీసెకన్లు సరిపోయాయి. ఎర్ర ఇస్పేటు, నల్ల ఆఠీను లాంటి రంగు మార్చిన ముక్కలకు 114 పట్టింది. అంతకంటే ముఖ్యం, చాలామంది ఎర్ర ఇస్పేటును ఏ సందేహమూ లేకుండా ఆఠీను అనో, మామూలు ఇస్పేటు అనో చెప్పేశారు. వాళ్లు అజాగ్రత్తగా చూడలేదు. అలవాటైన ముక్కే వాళ్ల కంటికి కనిపించింది. కాబట్టి ‘నా కళ్లతో చూశాను’ అన్నంత మాత్రాన పాత అనుభవం అందులో కలవలేదని అనుకోకూడదు. ఈ దశను మనం ఆపలేం. ఆపాలని ప్రయత్నించడం కూడా అనవసరం.

సరిదిద్దుకోగలిగింది నిర్ణయాన్ని. ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. ఒక పద్ధతి పదిసార్లలో 7 సార్లు ఫలితమిస్తుందనుకుందాం. దాన్ని పదిమంది మొదటిసారి ప్రయత్నిస్తే ముగ్గురికి బెడిసికొడుతుంది. ఆ ముగ్గురూ ఇక దాని జోలికి వెళ్లరు, కనుక వాళ్ల అభిప్రాయం తప్పని తెలిసే అవకాశమే ఉండదు. ఇప్పుడు పదిసార్లలో 3 సార్లే పనిచేసే పద్ధతిని చూడండి. దానితోనూ ముగ్గురికి మొదటిసారి కలిసొస్తుంది. కానీ వాళ్లు మళ్లీ మళ్లీ వాడతారు, నాలుగైదు సార్లలో అసలు సంగతి బయటపడుతుంది. అంటే అనవసరమైన ఆశను అనుభవమే సరిదిద్దుతుంది, అనవసరమైన భయాన్ని మాత్రం సరిదిద్దదు. 2001లో డెన్‌రెల్, మార్చ్ అనే పరిశోధకులు దీన్ని సిద్ధాంతపరంగా చూపించారు. అందుకే మనం వదిలేసినవాటి గురించి మనకున్న నమ్మకాలనే ఎక్కువ అనుమానించాలని నా అభిప్రాయం.

గెలుపు కూడా కళ్లు కప్పుతుంది. 1942లో లూచిన్స్ అనే మనస్తత్వవేత్త ఇచ్చిన లెక్కల్లో 21, 127, 3 కొలతలు పట్టే పాత్రలతో 100 కొలతల నీళ్లు కొలవాలి: 127 నుంచి 21 ఒకసారి, 3 రెండుసార్లు తీసేస్తే వస్తుంది. ఇలాంటివి వరసగా చేశాక 23, 49, 3తో 20 కొలవమంటే చాలామంది అదే పొడుగు దారి పట్టారు. 23లోంచి 3 తీస్తే చాలని వాళ్లకు తట్టలేదు.

ఇక లెక్క సంగతి. మనసు ‘వద్దు’ అన్నప్పుడు ఏ పాత సంఘటన గుర్తొచ్చి అలా అంటోందో ఒక వాక్యంలో రాయండి. తర్వాత చెడిన సందర్భాలే కాకుండా మొత్తం ఎన్నిసార్లు ప్రయత్నించారో రాయండి. సగానికి సగం పనిచేసేది కూడా వరసగా మూడుసార్లు విఫలమయ్యే అవకాశం ఎనిమిదింట ఒకటి, కాబట్టి రెండు మూడు అనుభవాలతో సూత్రం కట్టకూడదు. అప్పటి పరిస్థితికీ ఇప్పటికీ ఉన్న తేడాలు కనీసం మూడు రాయండి. మూడు దొరక్కపోతే మీ భయానికి ఆధారం ఉన్నట్టే. దొరికితే, పోయినా తట్టుకోగల చిన్న మోతాదులో మళ్లీ ప్రయత్నించండి. ఎంత పోతే ఆపాలో మొదలుపెట్టకముందే రాసిపెట్టుకోవాలి.

ప్రతి నిర్ణయం పక్కన తేదీ, ఫలితం మీద మీ అంచనా శాతంలో, ఎప్పటికి తేలుతుందో కూడా రాయండి. ‘70 శాతం’ అని రాసినవి 20 పోగయ్యాక చూస్తే సుమారు 14 నిజమవ్వాలి. 9 మాత్రమే అయితే ఆ రంగంలో మీ నమ్మకం అనుభవాన్ని మించిపోయిందన్నమాట.

ఈ పని ఎక్కువగా చెడేది ఫలితం తెలిశాక రాయడం వల్ల. అప్పటికి జ్ఞాపకం మారిపోయి ‘నాకు ముందే తెలుసు’ అనిపిస్తుంది. మరో పొరపాటు, ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తూచడం. మంచి నిర్ణయం కూడా ఒక్కోసారి బెడిసికొడుతుంది. అందుకే అప్పుడు రాసుకున్న కారణాలు సరైనవో కావో విడిగా చూడాలి.

ఈ లెక్క పనికిరాని చోట్లు రెండున్నాయి. ప్రాణానికో, తిరిగి సంపాదించలేనిదానికో ముప్పుంటే ఒక్క అనుభవమే చాలు, మళ్లీ పరీక్షించకండి. పాత సంఘటన గుర్తొస్తేనే గుండెదడ, వణుకు, నిద్ర పట్టకపోవడం వారాల తరబడి ఉంటే అది కాగితం మీద తేలేది కాదు. మానసిక వైద్యులను కలవాలి.